హెడర్ ఫైలు దొరకక పైథాన్ ప్యాకేజీ ఆగిపోతే ఏం చేయాలి

విశాఖపట్నంలో మధురవాడ, పీఎం పాలెం వైపు గదులు అద్దెకు తీసుకుని ప్రాజెక్టులు చేసుకుంటున్న విద్యార్థులు, పైథాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కావడం లేదని నాకు తరచుగా స్క్రీన్‌షాట్లు పంపుతుంటారు. వాటిలో దాదాపు ఎప్పుడూ టెర్మినల్‌లోని చివరి ఐదారు వరుసలే ఉంటాయి. వీల్ (ప్యాకేజీ సిద్ధరూపం, కింద వివరిస్తాను) తయారు కాలేదనో, లోపల నడిచిన ప్రాసెస్ 1 అనే కోడ్‌తో ఆగిపోయిందనో ఆ వరుసలు చెబుతాయి. అవి ఫలితాన్ని చెప్పే వరుసలే గాని కారణాన్ని చెప్పేవి కావు. కారణం చెప్పే వరుస ఇంకా పైన, స్క్రీన్‌షాట్‌లోకి రాని చోట ఉంటుంది. అందులో ఒక ఫైలు పేరు ఉంటుంది. ఆ పేరును పట్టుకుంటే మిగిలిన పని చాలావరకు నడిచిపోతుంది. దాన్ని చూడకుండా ఎక్కడో దొరికిన పొడవైన ఇన్‌స్టాల్ ఆదేశాన్ని తెచ్చి అతికిస్తే, ఒకవేళ పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియదు, మరో ప్యాకేజీ దగ్గర మళ్లీ మొదటికే వస్తారు.

ఈ వ్యాసంలోని పద్ధతి ప్రధానంగా ఉబుంటు, డెబియన్ వాడేవారి కోసం. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. పైథాన్.హెచ్ అనే ఫైలు పేరులో మాత్రం మొదటి అక్షరం పెద్దది. లినక్స్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం రెండూ వేరు కాబట్టి వెతికేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

హెడర్ ఎందుకు కావలసి వస్తుంది

పైథాన్ ప్యాకేజీలు అన్నీ పైథాన్‌లోనే రాసినవి కావు. డేటాబేసుతో మాట్లాడేవి, బొమ్మలను తెరిచేవి, పటాలను చదివేవి చాలావరకు సీ భాషలో రాసిన పాత, గట్టి లైబ్రరీల మీద ఆధారపడతాయి. అలాంటి ప్యాకేజీ మన యంత్రానికి రెండు రూపాల్లో రావచ్చు. ఒకటి వీల్, అంటే ముందే కంపైల్ చేసి (యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి) సిద్ధంగా ఉంచినది; ఈ రూపానికి 2013లో ఆమోదం లభించింది, చాలా లినక్స్ రకాల్లో పనిచేసేలా వీల్ ఎలా తయారు చేయాలో చెప్పే మెనీలినక్స్ ఒప్పందం 2016లో వచ్చింది. రెండవది మూలకోడ్, దీన్ని మన యంత్రంలోనే కంపైల్ చేయాలి. మన పైథాన్ వెర్షన్‌కూ, ప్రాసెసర్‌కూ సరిపోయే వీల్ దొరికితే పిప్ (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము) దాన్ని తెచ్చి విప్పి పెడుతుంది, కంపైలర్ జోలికే పోదు. దొరకకపోతే మూలకోడ్‌ను తెచ్చి కంపైల్ చేయబోతుంది. హెడర్ తప్పు వచ్చేది ఈ రెండో దారిలోనే.

హెడర్ అంటే ఒక లైబ్రరీలో ఏయే ఫంక్షన్లు ఉన్నాయి, వాటికి ఏమేమి ఇవ్వాలి, తిరిగి ఏమి వస్తుంది అని చెప్పే పట్టిక. ఇడ్లీ తినేవారికి ఇడ్లీ ఉంటే చాలు, పిండి రుబ్బేవారికి పప్పు ఎంత, రవ్వ ఎంత అన్న కొలత కావాలి. ఉబుంటు కూడా ఇలాగే విడదీసింది: ప్రోగ్రామును నడపడానికి కావలసిన లైబ్రరీ ఒక ప్యాకేజీలోను, దాని మీద కొత్తగా కంపైల్ చేయడానికి కావలసిన హెడర్లు పేరు చివర «డెవ్» అని ఉండే మరో ప్యాకేజీలోను ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు నా దగ్గర చక్కగా నడుస్తోంది కదా, ఫైలు లేదంటుందేమిటి అని అడిగేవారికి సమాధానం ఇదే.

మొదటి పని: అసలు వరుసను పట్టుకోవడం

పిప్ వెళ్లగక్కే వందల వరుసల్లో కంటితో వెతకడం కష్టం కాబట్టి అంతా ఒక ఫైలులోకి మళ్లించాలి, ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ2 ప్యాకేజీకి: «పిప్ ఇన్‌స్టాల్ సైకోపీజీ2 > లాగ్.టీఎక్స్‌టీ 2>&1». తర్వాత «గ్రెప్ -ఎన్ "ఫేటల్ ఎర్రర్" లాగ్.టీఎక్స్‌టీ» అని అడిగితే, చాలాసార్లు ఒకే ఒక వరుస వస్తుంది. ఆ వరుసను దగ్గరగా చూద్దాం. మొదట ఒక సీ ఫైలు పేరు, దాని తర్వాత కోలన్, ఒక వరుస సంఖ్య, మళ్లీ కోలన్, చాలా సందర్భాల్లో 10 అనే అంకె, ఆ తర్వాత «ఫేటల్ ఎర్రర్: పైథాన్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ» అని ఉంటుంది. మొదటి పేరు ప్యాకేజీ సొంత ఫైలుది, అందులో ఏ దోషమూ లేదు. 10 అంటే ఆ వరుసలో పదవ అక్షరం: హ్యాష్ గుర్తుతో కలిపి «ఇన్‌క్లూడ్» అనే మాట, దాని తర్వాతి ఖాళీ తొమ్మిది స్థానాలు తీసుకుంటాయి, పదవ స్థానంలో హెడర్ పేరు మొదలవుతుంది. అంటే కంపైలర్ తాను ఆగిన చోటును వేలుపెట్టి చూపిస్తోంది. మీకు కావలసింది చివరి రెండు కోలన్ల మధ్యనున్న పేరు, ఇక్కడ పైథాన్.హెచ్. దాన్ని కాగితం మీద రాసుకోండి.

కొన్ని ప్యాకేజీలు కంపైలర్ దాకా వెళ్లకుండా ముందే ఆగుతాయి. సైకోపీజీ2 «పీజీ_కాన్ఫిగ్» అనే చిన్న ప్రోగ్రాము కనబడలేదని చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ కొత్త వెర్షన్లు సరైన «పీకేజీ-కాన్ఫిగ్» పేరు దొరకలేదంటాయి. మాట వేరైనా రోగం ఒకటే: ఆ ప్రోగ్రాములు కూడా హెడర్లు ఎక్కడున్నాయో చెప్పడానికే ఉన్నాయి, మొదటిది హెడర్లతో పాటు అదే డెవ్ ప్యాకేజీలో వస్తుంది. కాబట్టి ఫేటల్ ఎర్రర్ అన్న మాట లాగ్‌లో లేకపోతే «నాట్ ఫౌండ్» అని కూడా ఒకసారి వెతకాలి.

రెండవ పని: కంపైల్ చేయవలసిన అవసరం ఉందో లేదో తేల్చుకోవడం

పిల్లో, ఎల్ఎక్స్ఎంఎల్, నంపై వంటి వాటికి మామూలు ఇంటెల్, ఆర్మ్ లినక్స్ యంత్రాల మీద వీల్ సిద్ధంగా ఉంటుంది. వాటి దగ్గర కూడా కంపైల్ మొదలైందంటే వీల్ ఎందుకు దొరకలేదో ముందు ఆలోచించాలి. సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, పైథాన్ మరీ కొత్తది: ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ రాగానే దాన్ని పెట్టుకున్నవారికి, ఆ వెర్షన్‌కు ఇంకా వీల్ రాని ప్యాకేజీలు తగులుతాయి. రెండు, ప్యాకేజీ మరీ పాతది: మూడేళ్ల కిందటి ప్రాజెక్టు రిపోర్టు నుంచి తెచ్చిన రిక్వైర్‌మెంట్స్ ఫైలులో (కావలసిన ప్యాకేజీల జాబితాలో) వెర్షన్లు బిగించి ఉంటాయి, ఆ వెర్షన్లకు నేటి పైథాన్ కోసం ఎవరూ వీల్ చేయలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ హెడర్లు వెతకడం కంటే పైథాన్‌ను ఒక మెట్టు దించడమో, ప్యాకేజీని ఒక మెట్టు ఎక్కించడమో తేలిక. «పిప్ ఇన్‌స్టాల్ --ఓన్లీ-బైనరీ :ఆల్: పిల్లో» అని నడిపితే వీల్ ఉంటే వస్తుంది, లేకపోతే కంపైల్ గొడవ లేకుండా వెంటనే లేదని చెబుతుంది, అనుమానం తీర్చుకోవడానికి ఇది మంచి ఆదేశం.

సైకోపీజీ2, మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ వేరు. వీటి కర్తలు లినక్స్ కోసం మూలకోడ్‌నే ఇస్తారు గనుక కొత్త యంత్రం మీద కూడా హెడర్లు కావలసిందే. నేర్చుకోవడానికైతే సైకోపీజీ2-బైనరీ అనే మరో ప్యాకేజీ సరిపోతుంది. నిజమైన సర్వర్ మీద మాత్రం మూలకోడ్ నుంచి కట్టుకొమ్మని దాని కర్తలే చెబుతారు, నా సలహా కూడా అదే.

మూడవ పని: పునాది సామాను

ఏ ప్యాకేజీ అయినా కంపైల్ కావాలంటే కంపైలర్, పైథాన్ సొంత హెడర్లు తప్పనిసరి. వీటిని ఆప్ట్ అనే ఉబుంటు ఇన్‌స్టాలర్‌తో, సుడో అంటే అడ్మిన్ అనుమతితో పెట్టాలి: «సుడో ఆప్ట్ అప్‌డేట్», ఆ తర్వాత «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ పైథాన్3-డెవ్ పీకేజీ-కాన్ఫిగ్». పైథాన్.హెచ్ లేదన్న తప్పు దీనితో పోవాలి.

పోకపోతే వెర్షన్ తేడా ఉందని అర్థం. ఉబుంటు 22.04తో వచ్చే పైథాన్ 3.10. మీరు బయటి రిపాజిటరీ నుంచి 3.12 తెచ్చి దానితో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే ఫోల్డరు) చేసుకుని ఉంటే, పైథాన్3-డెవ్ అనే ప్యాకేజీ 3.10 హెడర్లనే తెస్తుంది, మీకు కావలసింది పైథాన్3.12-డెవ్. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో హెడర్లు ఉండవు, అది అసలు పైథాన్ హెడర్లనే వాడుకుంటుంది. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి, పైథాన్ తెరిచి, సిస్‌కాన్ఫిగ్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, అందులోని గెట్_పాత్ ఫంక్షన్‌కు 'ఇన్‌క్లూడ్' అన్న మాట ఇస్తే, పైథాన్ తన హెడర్లు ఏ ఫోల్డరులో ఉండాలని ఆశిస్తోందో చెబుతుంది. ఆ ఫోల్డరులోకి వెళ్లి పైథాన్.హెచ్ ఉందో లేదో «ఎల్ఎస్»తో చూస్తే ఊహలతో పని ఉండదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. తప్పు పోవడం లేదని «సుడో పిప్» అని నడపవద్దు. హెడర్ లేకపోవడానికీ అనుమతులకూ సంబంధం లేదు, అలా నడిపితే ఉబుంటు సొంత పైథాన్ ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. ఉబుంటు 23.04 నుంచి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ బయట పిప్ నడిపితే సిస్టమే అడ్డుకుంటోంది. ఆ అడ్డును తోసిపుచ్చే ఆప్షన్ కోసం వెతకకుండా ఎన్విరాన్‌మెంట్ చేసుకోవడమే సరైన మార్గం. సుడో అవసరమైనది ఆప్ట్‌కు మాత్రమే.

నాలుగవ పని: ఆ ఫైలు ఏ ప్యాకేజీదో అడగడం

ఈ వ్యాసంలో ఒక్క ఆదేశమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. హెడర్ పేరు చూసి ప్యాకేజీ పేరు ఊహించడం కొన్నిసార్లే కుదురుతుంది. ఎఫ్ఎఫ్ఐ.హెచ్ అంటే లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్ అని ఎవరైనా ఊహిస్తారు. పైథాన్-ఎల్‌డాప్ అనే ప్యాకేజీ కంపైల్ అవుతూ ఎల్, బి, ఇ, ఆర్ అనే నాలుగు అక్షరాల పేరున్న హెడర్ లేదని ఆగితే? ఆ పేరులో ఎల్‌డాప్ అన్న మాటే లేదు. ఊహించనక్కర లేదు, ఉబుంటు దగ్గర ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో చెప్పే సూచిక ఉంది.

«సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-ఫైల్», తర్వాత «సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్». రెండో ఆదేశం పెద్ద సూచికలను దింపుతుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవారు వైఫై ఉన్న చోట చేసుకుంటే మంచిది. ఇక «ఆప్ట్-ఫైల్ సెర్చ్» అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందు ఒక స్లాష్ పెట్టి హెడర్ పేరు ఇవ్వండి. స్లాష్ పెట్టకపోతే ఆ అక్షరాలతో ముగిసే ఇతర పేర్లు కూడా వచ్చి జాబితా పొడవవుతుంది. జవాబులో ప్రతి వరుసకు ఎడమ పక్క ప్యాకేజీ పేరు, కోలన్, కుడి పక్క ఫైలు పూర్తి మార్గం ఉంటాయి. మన నాలుగక్షరాల హెడర్‌కు ఎడమ పక్క లిబ్ఎల్‌డాప్-డెవ్ కనిపిస్తుంది. కుడి పక్క మార్గం యూఎస్ఆర్ కింద ఇన్‌క్లూడ్ ఫోల్డరులో ఉన్న వరుసనే ఎంచుకోవాలి. మరో ప్రాసెసర్ కోసమో, మరేదో సాఫ్ట్‌వేర్ లోపల దాచిన నకలుగానో ఉన్నవి మీకు అక్కరకు రావు.

ఆ ప్యాకేజీ పెట్టి మళ్లీ పిప్ నడిపితే ఈసారి ఎస్ఏఎస్ఎల్.హెచ్ లేదని ఆగవచ్చు. నిరుత్సాహపడవలసిన పని లేదు, ఇది ముందడుగే. కంపైలర్ మొదట దొరకని ఫైలు దగ్గరే ఆగిపోతుంది గనుక ఒకదాని వెనుక ఒకటిగానే చెప్పగలదు. మళ్లీ అదే ప్రశ్న వేస్తే లిబ్ఎస్ఏఎస్ఎల్2-డెవ్ అని వస్తుంది. ప్రతిసారీ తప్పులోని ఫైలు పేరు మారుతోందంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. అదే పేరు మళ్లీ వస్తోందంటే ఐదవ పనికి వెళ్లాలి.

విద్యార్థులకు ఎక్కువగా తగిలేవాటిని ఇక్కడ చెబుతాను. పోస్ట్‌గ్రెస్‌కు లిబ్‌పీక్యూ-డెవ్, మైఎస్‌క్యూఎల్‌కు డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్, ఎల్ఎక్స్ఎంఎల్‌కు లిబ్ఎక్స్ఎంఎల్2-డెవ్, లిబ్ఎక్స్ఎస్ఎల్‌టీ1-డెవ్ రెండూ, పిల్లోకు లిబ్‌జేపెగ్-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్, మైకు నుంచి ధ్వని తీసుకునే పైఆడియోకు పోర్ట్‌ఆడియో19-డెవ్, ఓడీబీసీకి యూనిక్స్ఓడీబీసీ-డెవ్. ఫెడోరా కుటుంబంలో డెవ్ బదులు డెవెల్ అని ఉంటుంది, ఆప్ట్-ఫైల్ బదులు «డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్» అని అడగాలి.

నంపై లోపలి అర్రేఆబ్జెక్ట్.హెచ్ లేదని వస్తే మాత్రం ఆప్ట్ వైపు చూడవద్దు. ఆ హెడర్ నంపై అనే పైథాన్ ప్యాకేజీలోనే ఉంటుంది. ముందుగా నంపైను, సెటప్‌టూల్స్‌ను పెట్టి, ఆగిపోయిన ప్యాకేజీని «--నో-బిల్డ్-ఐసొలేషన్» జోడించి నడపాలి; లేకపోతే పిప్ ప్రతి కంపైలింగ్‌కూ ఒక ఖాళీ ఎన్విరాన్‌మెంట్ చేస్తుంది, మీరు పెట్టిన నంపై అక్కడ కనిపించదు.

ఐదవ పని: ఫైలు ఉంది, అయినా కనబడడం లేదు

కంపైలర్ డిస్కు అంతా వెతకదు, తనకు తెలిసిన కొన్ని ఫోల్డర్లలోనే చూస్తుంది. ఏ ఫోల్డర్లలో చూస్తోందో తెలియాలంటే లాగ్‌లో జీసీసీ (సీ కంపైలర్) అన్న మాట ఉన్న పొడవైన వరుసలో పెద్ద ఐ అక్షరంతో మొదలయ్యే ఆప్షన్లను చదవాలి. మీ లైబ్రరీని హోమ్ ఫోల్డరులో సొంతంగా కట్టుకుని ఉంటే ఆ జాబితాలో అది ఉండదు. అప్పుడు పిప్ ఆదేశానికి ముందు, అదే వరుసలో, సీఫ్లాగ్స్ అనే వేరియబుల్‌కు (ఈ పేరును, ఎల్‌డీఫ్లాగ్స్ పేరును అన్నీ పెద్ద అక్షరాలతో కొట్టాలి) పెద్ద ఐ అక్షరంతో హెడర్ల ఫోల్డరును, ఎల్‌డీఫ్లాగ్స్‌కు పెద్ద ఎల్ అక్షరంతో లైబ్రరీ ఫోల్డరును ఇవ్వాలి. రెండవది మరిచిపోతే కంపైల్ దాటి లింకింగ్ (కంపైల్ అయిన కోడ్‌ను లైబ్రరీతో కలిపే దశ) దగ్గర ఆగుతుంది. ఆపిల్ సొంత ప్రాసెసర్ ఉన్న మ్యాక్ వాడేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది, ఎందుకంటే హోమ్‌బ్రూ (మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే సాధనం) అక్కడ అన్నింటినీ ఓ, పి, టి అక్షరాల ఆప్ట్ అనే ఫోల్డరు కింద హోమ్‌బ్రూ లోపల పెడుతుంది, ఆపిల్ కంపైలర్ తనంతట తాను అటు చూడదు.

ఆరవ పని: వెర్షన్లు సరిపోల్చడం

రుషికొండ నుంచి భీమిలి వరకు తీరం రేఖ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటడానికి ముందూ తర్వాతా ఎలా ఉందో ల్యాండ్‌శాట్ 8 చిత్రాలతో పోల్చే ప్రాజెక్టు ఒక అమ్మాయి చేస్తోంది. దానికి ఉపగ్రహ చిత్రాలను, పటాలను చదివే జీడాల్ అనే లైబ్రరీ కావాలి. ఉబుంటు 24.04 మీద లిబ్‌జీడాల్-డెవ్ పెట్టింది, హెడర్లు అన్నీ వచ్చాయి, అయినా పిప్ ఆగిపోయింది. «సార్, హెడర్లు ఉన్నా ఒప్పుకోవడం లేదు» అని రాసింది. లాగ్ మొత్తం పంపమన్నాను. యంత్రంలో ఉన్నది జీడాల్ 3.8.4, పిప్ తెచ్చిన పైథాన్ భాగం అంతకంటే కొత్తది, దానికి కనీసం ఫలానా వెర్షన్ కావాలని లాగ్‌లో స్పష్టంగా ఉంది. «జీడాల్-కాన్ఫిగ్ --వెర్షన్» అని అడిగి, వచ్చిన సంఖ్యనే పిప్ ఆదేశంలో జీడాల్ పేరు పక్కన రెండు సమాన గుర్తులు పెట్టి ఇమ్మన్నాను. పని జరిగింది. హెడర్లు ఉండడం ఒక్కటే చాలదు, అవి ప్యాకేజీ ఆశించిన తరానివి కావాలి.

దీనికే మరో ముఖం ఉంది, దాన్ని గుర్తించకపోతే గంటలు పోతాయి. కొన్ని హెడర్లు ఏ ప్యాకేజీ పెట్టినా రావు, ఎందుకంటే అవి ఇప్పుడు ఆ చోట లేవు. పైథాన్ 3.11లో లాంగ్‌ఇంట్‌రెప్ర్.హెచ్ అనే హెడర్‌ను సీపైథాన్ అనే లోపలి ఫోల్డరుకు మార్చారు. సైథాన్ (పైథాన్ లాంటి కోడ్‌ను సీ కోడ్‌గా మార్చే సాధనం) పాత వెర్షన్‌తో ముందే సీ కోడ్ తయారు చేసి పెట్టుకున్న ప్యాకేజీలు ఇంకా పాత చోటే వెతికి, లేదని ఆగుతాయి. అలాగే గ్లిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) 2.26 నుంచి ఎక్స్‌లొకేల్.హెచ్‌ను తీసేశారు, దాన్ని అడిగే పాత నంపై వెర్షన్లు కొత్త లినక్స్ మీద కంపైల్ కావు. ఇలాంటి చోట ఆ హెడర్‌ను ఎక్కడి నుంచో తెచ్చి ఫోల్డరులో పడేయడం, లింకు పెట్టడం చేయవద్దు. ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు మారండి. ఆ పాత వెర్షనే తప్పనిసరైతే దాని కాలపు పైథాన్‌తో వేరే ఎన్విరాన్‌మెంట్ చేసుకోండి.

కంపైల్ దాటిన తర్వాత

లాగ్‌లో «కెనాట్ ఫైండ్» తర్వాత చిన్న ఎల్ అక్షరంతో ఒక పేరు వస్తే హెడర్ దొరికింది, లైబ్రరీ దొరకలేదు. అదే డెవ్ ప్యాకేజీ ఉందో లేదో, ఎల్‌డీఫ్లాగ్స్ సరిగా ఉందో లేదో చూడాలి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి, ఇంపోర్ట్ దగ్గర ఎస్ఓ అనే చివర ఉన్న ఫైలు తెరవలేకపోయానంటే నడిచే లైబ్రరీ లేదని అర్థం. డాకర్‌తో (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో సహా ఇమేజ్ అనే మూటగా కట్టే సాధనంతో) పనిచేసేవారికి ఇది ఎక్కువగా వస్తుంది: ఒక దశలో లిబ్‌పీక్యూ-డెవ్‌తో కంపైల్ చేసి, ఆ ఫలితాన్ని చిన్న ఇమేజ్‌లోకి ఎక్కించినప్పుడు, ఆ చిన్న ఇమేజ్‌లో హెడర్లు అక్కర లేదు గాని లిబ్‌పీక్యూ5 మాత్రం ఉండాలి. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ వాడితే కంపైలర్ కోసం బిల్డ్-బేస్, హెడర్ల కోసం పైథాన్3-డెవ్ «ఏపీకే యాడ్»తో పెట్టుకోవాలి. మామూలు మెనీలినక్స్ వీల్స్ అక్కడ పనిచేయవు, దాని కోసం వేరుగా చేసిన మజిల్‌లినక్స్ వీల్ ఉంటేనే కంపైల్ తప్పుతుంది. అందుకే ప్రత్యేకమైన అవసరం లేనివారికి డెబియన్ ఆధారిత స్లిమ్ ఇమేజ్ నేను సూచిస్తాను.

విండోస్ మీద ఇదే పరిస్థితి మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 లేదా ఆపైది కావాలన్న మాటగా కనిపిస్తుంది. బిల్డ్ టూల్స్ పెట్టుకోవచ్చు, కాని ల్యాబ్ పని కోసమైతే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయంలో) ఉబుంటు పెట్టుకుని పై పద్ధతి పాటించడం తక్కువ శ్రమ.

పని పూర్తయ్యాక, ఆప్ట్‌తో మీరు పెట్టిన డెవ్ ప్యాకేజీల పేర్లను రిక్వైర్‌మెంట్స్ ఫైలు పక్కనే రీడ్‌మీలో, ఉబుంటు వెర్షన్‌తో సహా రాసి పెట్టండి. ఆ పేర్లు రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ఎక్కవు, పిప్‌కు వాటి సంగతి తెలియదు. మీ ప్రాజెక్టును తన ల్యాప్‌టాప్ మీద నడపబోయే టీమ్‌మేట్‌కు ఆ ఒక్క వరుస లేకపోతే మీరు గడిపిన సాయంత్రమే మళ్లీ గడపవలసి వస్తుంది.